2050 నాటి ఇథియోపియా స్త్రీలు ఇప్పటికే పుట్టి ఉన్నారు

ఒక దేశంలో పెద్దవాళ్లు సగటున ఎన్నేళ్లు బడిలో చదివారన్నది ప్రపంచ నివేదికలన్నింటిలోనూ కనిపించే అంకె. స్త్రీలకు ఒకటి, పురుషులకు ఒకటి విడివిడిగా కట్టి, రెండింటి మధ్య తేడా 2030లో ఎంత, 2050లో ఎంత, శతాబ్దం చివరికి ఎంత అని గీతలు గీసి చూపడం కూడా మామూలైపోయింది. వియన్నా దగ్గర లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఐఐఏఎస్ఏ జనాభా పరిశోధకులు, డెన్వర్ విశ్వవిద్యాలయంలోని పార్డీ కేంద్రం, ప్రిటోరియాలోని ఆఫ్రికా భవిష్యత్ అధ్యయనకారులు ఇలాంటి అంచనాలు కడుతుంటారు. ఇథియోపియా లాంటి దేశాలకు ఆ గీతలు చెప్పేది స్థూలంగా ఒకటే: స్త్రీ పురుషుల చదువుల మధ్య దూరం తగ్గుతుంది, కానీ దశాబ్దాలు పడుతుంది.

చదివేవారు ఈ మాట విని కొంత ఊరట పడతారు, కొంత నిట్టూరుస్తారు. అసలు అడగవలసిన ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆ దూరం ఎలా తగ్గుతుంది? ఎవరికైనా చదువు చెప్పడం వల్లనా, లేక చదువు అందని స్త్రీలు ఒక్కొక్కరుగా కన్నుమూయడం వల్లనా? ఇప్పుడున్న అంచనాల్లో తగ్గుదలలో పెద్ద భాగం రెండో దారినే వస్తోంది. దాన్ని ప్రగతిగా పేర్కొనే ముందు లెక్క లోపలికి వెళ్లి చూడాలి.

పెద్దల సగటు అంటే సాధారణంగా 25 ఏళ్లు నిండినవారి సగటు. 2050లో పాతికేళ్లు దాటి ఉండే ఇథియోపియన్లందరూ 2025 ముగిసేలోపు పుట్టినవారే. 1994లో కొత్త విద్యావిధానం వచ్చేనాటికి 19 ఏళ్లున్న యువతి, అంటే 1975లో పుట్టినామె, 2050లో బతికి ఉంటే 75 ఏళ్ల వృద్ధురాలు. 1993లో పుట్టి 2000లో ఒకటో తరగతిలో చేరిన పాపకు అప్పటికి 57 ఏళ్లు. వీళ్లలో చాలామంది బడి జీవితం ఏనాడో ముగిసింది. అంచనా వేసేవారి పద్ధతి కూడా దీని మీదే ఆధారపడింది: ముప్పై దాటిన మనిషి చదువు ఇక మారదని లెక్క. ఒక ఈడువారు ఎంత చదివారో అంతే చదువుతో ఐదేళ్లకొకసారి ఒక మెట్టు పైకి జరుగుతారు. చివరి మెట్టు నుంచి కొందరు రాలిపోతారు, కింది మెట్టు మీదికి కొత్తవారు వస్తారు. యంత్రం అంతే.

చిన్న ఊహా లెక్కతో దీన్ని చూడవచ్చు. ఒక దేశంలో పెద్దలను పదేసి ఏళ్ల చొప్పున ఐదు తరాలుగా విడదీద్దాం. అన్ని తరాలూ సమాన సంఖ్యలో ఉన్నాయనుకుందాం. అందరికంటే పెద్ద తరంలో పురుషులకు ఒక ఏడాది చదువు, స్త్రీలకు సున్నా. తర్వాతి తరంలో మూడు, ఒకటి. నడిమి తరంలో ఐదు, రెండు. ఆ తర్వాత ఆరు, నాలుగు. అందరికంటే చిన్న తరంలో ఇద్దరికీ ఆరేసి. అంటే ఆ దేశం బడుల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ ఇప్పటికే సమానం. అయినా పెద్దల సగటు తీస్తే పురుషులకు 4.2 ఏళ్లు, స్త్రీలకు 2.6, తేడా 1.6. ఇక ముందు వచ్చే తరాలన్నీ సంపూర్ణ సమానత్వంతోనే వస్తాయనుకున్నా, పదేళ్ల తర్వాత తేడా 1.4 దగ్గరే ఉంటుంది. ఇరవై ఏళ్లకు 1.0, ముప్పై ఏళ్లకు 0.4, నలభై ఏళ్లకు గానీ సున్నా కాదు. బడిలో ఇవాళ న్యాయం జరిగినా సగటులో కనబడడానికి నలభై ఏళ్లు.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. అతి పెద్ద తేడా ముసలి తరంలో లేదు, నడిమి తరంలో ఉంది. తాతల కాలంలో ఎవరికీ పెద్దగా చదువు లేదు కాబట్టి తేడా కూడా తక్కువే. బడి ఊళ్లోకి వచ్చాక ముందు కొడుకును పంపారు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కూతురిని. ఆ మధ్యకాలంలో పుట్టిన ఆడపిల్లల మీదే అంతరం బరువంతా పడింది. అందుకే బడులు విస్తరిస్తున్న దేశంలో అంతరం మొదట పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. నిష్పత్తి చూసేవారికీ తేడా చూసేవారికీ కథ వేర్వేరుగా కనిపించేదీ ఇక్కడే. పురుషులకు రెండేళ్లు, స్త్రీలకు ఒక ఏడాది ఉన్నప్పుడు స్త్రీల చదువు పురుషుల చదువులో సగం. ఏడు, ఐదు అయ్యేసరికి నిష్పత్తి 71 శాతానికి ఎక్కుతుంది, తేడా మాత్రం ఒక ఏడాది నుంచి రెండేళ్లకు పెరుగుతుంది. ఒకే దేశం గురించి ఒక నివేదిక మెచ్చుకుంటూ, మరొకటి ఆందోళన పడుతూ మాట్లాడినప్పుడు ముందు చూడవలసింది ఏ కొలత వాడారన్నదే.

ఇథియోపియాలో ఈ నడిమి తరం ఎలా తయారైందో చరిత్రలో స్పష్టంగా ఉంది. రాజధాని అడిస్ అబాబాలో మెనెలిక్ చక్రవర్తి పేరుతో తొలి ఆధునిక పాఠశాల 1908లో తెరిచారు. ఆడపిల్లల కోసం మహారాణి మెనెన్ పాఠశాల 1931లో వచ్చింది. రాజధానిలోనే ఆ రెండింటికీ మధ్య 23 ఏళ్ల ఎడం ఉంటే, కొండల మీది పల్లెల సంగతి చెప్పనక్కర్లేదు. హైలే సెలాసీ చక్రవర్తి పాలన ముగిసే 1974 నాటికి కూడా చదువు ప్రధానంగా పట్టణాలకే పరిమితం.

సైనిక విప్లవం తర్వాత వచ్చిన దెర్గ్ ప్రభుత్వం 1979లో జాతీయ అక్షరాస్యతా ఉద్యమం ప్రారంభించింది. పదిహేను భాషల్లో పుస్తకాలు అచ్చయ్యాయి. 1980లో యునెస్కో ఆధ్వర్యంలోని అక్షరాస్యతా పురస్కారం కూడా దక్కింది. అక్షరాస్యత అరవై శాతం దాటిందని ఆ ప్రభుత్వం చెప్పుకుంది. అది కూలిపోయాక 1994లో జరిగిన జనగణనలో తేలింది 23 శాతం దగ్గర. ఆ రెండు అంకెల మధ్య ఉన్నదంతా అబద్ధమే అనుకోవడం తొందరపాటు. కొన్ని నెలలు నేర్చుకున్న అక్షరం, చదవడానికి కాగితం ముక్క దొరకని ఇంట్లో, నీళ్ల కుండకూ పొయ్యికీ మధ్య నలిగి జారిపోతుంది. కరువు, అంతర్యుద్ధం, బలవంతపు గ్రామాల మార్పిడి నడుస్తున్న దేశంలో జారిపోవడం మరీ సులువు.

ఇథియోపియాలో అతిపెద్ద జాతి అయిన ఒరోమోల స్త్రీల విషయంలో ఇంకో దెబ్బ పడింది. దీని గురించి తగినంత చర్చ జరగలేదు. ఆ ఉద్యమ కాలంలో ఒరోమో భాషను కూడా ఫిదెల్ లిపిలోనే నేర్పారు. ప్రభుత్వ భాష అమ్హారిక్ రాసే లిపి అది. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కొక్కదానికి ఏడేసి రూపాలు. మన గుణింతం తెలిసినవారికి దాని తీరు వెంటనే అర్థమవుతుంది, దాన్ని పట్టుదలగా నేర్చుకున్న ముప్పై ఏళ్ల తల్లి శ్రమ కూడా. 1991లో ప్రభుత్వం మారాక ఒరోమో భాష క్యుబే అనే రోమన్ లిపికి మారింది. రాజకీయంగా ఒరోమోలకు అది ఆత్మగౌరవ విజయం, దాని విలువను కాదనలేం. పిల్లలు కొత్త లిపిని బడిలో నేర్చుకున్నారు. రాత్రిపూట గుడ్డి దీపం ముందు పాత లిపి నేర్చుకున్న తల్లులకు మళ్లీ మొదటి నుంచి నేర్పడానికి అంతటి ఉద్యమం మళ్లీ రాలేదు. తన సొంత భాషలో ఊరి బోర్డు మీద రాసినదాన్ని చదవలేని స్థితిలో వాళ్లు మిగిలారు.

1994 విధానం ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన తెచ్చింది, పదో తరగతి దాకా ఫీజు ఎత్తివేసింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు నిజంగా అసాధారణమైనవి. 1990ల మధ్యలో 30 లక్షల చిల్లర ఉన్న ప్రాథమిక విద్యార్థులు 2015 నాటికి కోటీ 80 లక్షలు దాటారు. పొలాల పక్కన మట్టి గోడలతో తరగతి గదులు లేచాయి, రెండు పూటల బడులు నడిచాయి. ఆఫ్రికాలో ఇంత వేగంగా పిల్లలను బడిలో చేర్చిన దేశాలు చాలా తక్కువ. ఈ ఘనతను తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

అయినా పెద్దల లెక్క చూడండి. 2000 నాటి జనాభా ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 75 శాతం మంది బడి ముఖం చూడలేదు. పురుషులలో ఆ సంఖ్య దాదాపు 52. 2016 సర్వేకు వచ్చేసరికి స్త్రీలలో 48, పురుషులలో 28. ఇద్దరి స్థితీ ఎంతో మెరుగైంది. ఇద్దరి మధ్య దూరం? 23 పాయింట్ల నుంచి 20కి తగ్గింది. పదహారేళ్లలో మూడు పాయింట్లు. పైన చెప్పుకున్న ఊహా లెక్కలో మొదటి పదేళ్లు ఎందుకు కదలనట్టు ఉంటాయో ఇది రక్తమాంసాలతో చూపిస్తుంది.

ఒకటి మాత్రం నిజ జీవితంలో ఊహా లెక్క కంటే అనుకూలంగా ఉంది. ఇథియోపియాలో జనాభాలో సగం మంది ఇరవై ఏళ్ల లోపువారే. కింది మెట్టు మీదికి వచ్చే తరం పైమెట్టు నుంచి వెళ్లిపోయే తరం కంటే చాలా పెద్దది. అందువల్ల కొత్త తరం సమానంగా చదివితే సగటు కాస్త వేగంగానే లేస్తుంది. చదివితే, అన్నది ఇక్కడ కీలకం.

ప్రాథమిక తరగతుల్లో చేరికలో ఆడపిల్లలు మగపిల్లలకు దగ్గరగా వచ్చారు. ఆ తర్వాతే తీగ తెగుతుంది. ప్రాథమిక బడి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది, ఉన్నత పాఠశాల మాత్రం వొరెడా కేంద్రంలో, అంటే మన మండల కేంద్రం లాంటి చిన్న పట్టణంలో ఉంటుంది. అక్కడ చదవాలంటే గది అద్దెకు తీసుకుని ఉండాలి, వారానికి సరిపడా ఇంజెరా రొట్టెలో, పిండో ఇంటి నుంచి మోసుకెళ్లాలి. పదిహేనేళ్ల కొడుకును అలా పంపే తండ్రి, అదే వయసు కూతురిని పంపడానికి భయపడతాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. అమ్మాయిని ఎత్తుకెళ్లి పెళ్లాడే ఆచారం కొన్ని ప్రాంతాల్లో ఇటీవలి దాకా నడిచింది. 1957 నాటి శిక్షాస్మృతి ప్రకారం ఎత్తుకెళ్లినవాడు ఆమెనే పెళ్లి చేసుకుంటే శిక్ష తప్పేది. 2005లో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి ఆ మినహాయింపును తీసేసింది. అంతకుముందే 2000 నాటి కుటుంబ చట్టం పెళ్లి వయసు ఇద్దరికీ 18గా నిర్ణయించింది. చట్టం అలా ఉండగా 2016 సర్వేలో స్త్రీల పెళ్లి మధ్యస్థ వయసు 17.1, పురుషులది 23.7. పల్లెల్లో చాలామంది పిల్లలు ఆలస్యంగా బడిలో చేరతారు, తరగతులు తప్పుతారు. పదిహేడేళ్లకు అమ్మాయి ఇంకా ఏడులోనో ఎనిమిదిలోనో ఉంటుంది. ఎనిమిదో తరగతి ముగింపూ పెళ్లి కబురూ ఒకేసారి వాకిట్లోకి వస్తాయి.

అమ్హారా ప్రాంతంలో బెర్హానె హెవాన్ అనే చిన్న ప్రయోగం దీని మీదే నేరుగా పనిచేసింది. కూతురికి పెళ్లి చేయకుండా రెండేళ్లు కార్యక్రమంలో ఉంచిన కుటుంబానికి ఒక గొర్రె. పుస్తకాల ఖర్చు భరించారు, ఊళ్లో మాట్లాడించారు. పద్నాలుగేళ్ల లోపు అమ్మాయిల్లో బడిలో కొనసాగినవారు పెరిగారు, పెళ్లిళ్లు తగ్గాయి. పేద ఇంటి తండ్రి మనసు మార్చడానికి ఉపన్యాసం కంటే గొర్రె బాగా పనిచేసిందంటే, ఆ తండ్రిని అడ్డుకున్నది మూఢత్వం ఒక్కటే కాదని తేలింది. పెళ్లి అతనికి ఒక ఆర్థిక నిర్ణయం కూడా.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ 2003లో మొదలైన ఆరోగ్య విస్తరణ కార్యక్రమం. కెబెలెకు, అంటే అన్నిటికంటే చిన్న పాలనా విభాగానికి, ఇద్దరు చొప్పున, పదో తరగతి పూర్తి చేసిన స్థానిక యువతులను ఎంపిక చేసి, ఏడాది శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ జీతం మీద నియమించారు. ముప్పై వేలకు పైగా ఉద్యోగాలు. దీన్ని ప్రపంచం ఆరోగ్య రంగ విజయంగానే కొనియాడింది. విద్య వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకా విలువైనది ఉంది. అప్పటిదాకా పల్లెటూరి అమ్మాయి పదో తరగతి చదివితే ఏం వస్తుందో చెప్పడానికి ఊళ్లో ఒక్క ఆధారం కూడా ఉండేది కాదు. ఇప్పుడు పక్క ఇంటి అమ్మాయి సంచి భుజాన వేసుకుని జీతం తెచ్చుకుంటోంది. దీనికి భిన్నంగా, 2016లో ప్రారంభమైన హవాసా పారిశ్రామిక పార్కు వేలాది యువతులను కుట్టు పనిలోకి తీసుకుంది. 2019 నాటికి మొదటి జీతం నెలకు 26 డాలర్ల దగ్గర ఉండేది. 2022 జనవరిలో అమెరికా సుంకాల మినహాయింపు రద్దయ్యాక ఆ కొలువులూ కుదేలయ్యాయి. చదువు మధ్యలో ఆపి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లేవారు మొదటి నుంచీ ఉన్నారు. ఆ దారి ఎటువంటిదో గోదావరి జిల్లాల, కడప ప్రాంతపు కుటుంబాలకు వేరుగా చెప్పాల్సిన పని లేదు.

పై అంచెలో కూడా జల్లెడ గట్టిగానే ఉంది. పాతికేళ్లలో విశ్వవిద్యాలయాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే స్థాయి నుంచి నలభై దాటాయి. వాటిలో పాఠాలు చెప్పడానికి తెలుగు అధ్యాపకులు చాలామంది వెళ్లారు, అక్కడి అధ్యాపకులు పరిశోధన పట్టాల కోసం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వస్తున్నారు. కానీ 2022లో పన్నెండో తరగతి పరీక్షను కాపీకి తావులేకుండా విశ్వవిద్యాలయాల ఆవరణల్లోనే నిర్వహించినప్పుడు, దాదాపు తొమ్మిది లక్షల మందిలో సగం మార్కులు దాటినవారు 3.3 శాతం. మరుసటి ఏడాది కూడా దాదాపు అంతే. అంటే సగటులో కలిపే ప్రతి 'బడి సంవత్సరం' వెనుక నేర్చుకున్నది ఎంత అన్న అనుమానం అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపే వర్తిస్తుంది. అంతరం సున్నా అయిన రోజున ఇద్దరికీ సమానంగా అందినది ఏమిటన్నది గీత చెప్పదు.

గీత చెప్పనిది మరొకటి యుద్ధం. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఉత్తరాన ఉన్న టిగ్రాయ్ ప్రాంతంలో అవి సరిగా తెరుచుకోకముందే నవంబరులో యుద్ధం మొదలైంది. 2022 నవంబరులో ప్రిటోరియాలో శాంతి ఒప్పందం కుదిరి, 2023లో బడులు మళ్లీ తెరిచేదాకా అక్కడి పిల్లలకు దాదాపు మూడేళ్ల చదువు పోయింది. 2023 ఆగస్టు నుంచి అమ్హారాలో ఘర్షణలు ముదిరి మరెన్నో లక్షల మంది పిల్లలు బడికి దూరమయ్యారు. పన్నెండేళ్ల వయసులో బడి ఆగి, పదిహేనేళ్లకు తిరిగి తెరుచుకున్నప్పుడు, చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి అమ్మాయి తిరిగి వస్తుందా, ఈలోగా ఆమెకు పెళ్లి అయిపోయిందా? ఆ అమ్మాయికి 2050లో 42 ఏళ్లు. మెట్ల మీద పైకి జరుగుతూ 2070ల దాకా ఆ గాయం సగటులో కనిపిస్తూనే ఉంటుంది. పైగా ఈ అంచనాల పునాది కూడా బలహీనపడుతోంది. ఇథియోపియాలో చివరి జనగణన 2007లో జరిగింది. 2017లో జరగవలసినది వాయిదాల మీద వాయిదాలు పడి ఇప్పటికీ జరగలేదు.

మళ్లీ మొదటి ఊహా లెక్క దగ్గరికి వద్దాం. పిల్లలను బడిలో సమానంగా చేర్చి ఊరుకుంటే పదేళ్లలో అంతరం 1.6 నుంచి 1.4కు వస్తుందని చూశాం. అలా ఊరుకోకుండా, 35 నుంచి 54 ఏళ్ల మధ్య ఉన్న రెండు తరాల స్త్రీలకు తలా ఒక ఏడాదికి సమానమైన చదువు అందించగలిగితే? అంతరం అక్కడికక్కడే 1.2కు పడుతుంది. ఎదురుచూసే పద్ధతిలో అక్కడికి చేరడానికి పదిహేనేళ్లు. ముప్పై అయిదేళ్ల స్త్రీకి ఇంకా ముప్పై ఏళ్ల జీవితం ముందుంది, ఇంట్లో బడి ఈడు పిల్లలున్నారు. ఆమె చదువు ఆమె కూతురి చదువు మీద వెంటనే పనిచేస్తుంది. ఇంత లాభం కళ్ల ముందు ఉండగా వయోజన విద్య ప్రతిచోటా బడ్జెట్‌లో చివరి వరుసలోనే నిలబడుతోంది. కారణం అంచనా పద్ధతిలోనే దాగి ఉంది: ముప్పై దాటాక చదువు మారదని ముందే రాసుకున్న నమూనాలో, ఆమె కోసం ఖర్చుపెట్టిన డబ్బు ఎక్కడా ఫలితంగా తేలదు.

ఇథియోపియాలో 2010 ప్రాంతంలో అక్షరాలతో పాటు సాగు, ఆరోగ్యం, చిన్న వ్యాపార లెక్కలు కలిపి నేర్పే వయోజన కార్యక్రమం ప్రారంభించారు. ఆలోచన సరైనదే. ఎక్కడ నిలబడుతుందో ఎక్కడ కూలుతుందో చెప్పడం కూడా కష్టం కాదు. టెఫ్ అనే ధాన్యం కోతల నెలల్లో తరగతి పెడితే ఎవరూ రారు. చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టాలో చూపకపోతే తల్లి రెండో రోజు రాదు. పురుష ఉపాధ్యాయుడి ముందు కొత్త కోడలు నోరు విప్పదు. నేర్చుకున్నాక చదవడానికి ఆమె భాషలో, ఇప్పుడు వాడుకలో ఉన్న లిపిలో ఏదో ఒకటి చేతికి రాకపోతే 1980ల కథే మళ్లీ జరుగుతుంది. ఆరోగ్య విస్తరణ కార్యకర్తకు జీతం ఇచ్చినట్టే, ఊళ్లో పదో తరగతి చదివిన యువతికి ఈ పనికీ జీతం ఇవ్వాలి. ఏడాది చివర ఒక చిన్న గౌరవ వేతనంతో సరిపెట్టే చోట తరగతి పేరు రిజిస్టరులోనే ఉంటుంది.

ఇవన్నీ సమకూరి, ఒరోమియా పల్లెలో నలభై ఏళ్ల స్త్రీ ఒకామె రెండేళ్లు కష్టపడి క్యుబే లిపి చదవడం, రాయడం, సంతలో ధాన్యం తూకం లెక్క సరిచూసుకోవడం నేర్చుకుందనుకుందాం. దేశాల మధ్య పోల్చే పట్టికల్లో లెక్కించేది బడి తరగతులను మాత్రమే. 2050 పట్టికలో ఆమె పక్కన ఉండే అంకె అప్పుడు కూడా సున్నాయే.